ఏఐని పట్టే సాఫ్ట్‌వేర్ కొనేముందు, పిల్లలకు ఒక ఆట పీరియడ్ ఇవ్వండి

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను బడిలో భాష చెప్పే టీచర్‌ని. పిల్లలు తెచ్చే హోంవర్కులో ఏది వాళ్లు రాసిందో, ఏది ఏఐ రాసిందో తేల్చిపెడతామంటూ సాఫ్ట్‌వేర్లు అమ్మే కంపెనీలు చాలానే ఉన్నాయి. మీ బల్ల మీదికీ అలాంటి ఫైలు వచ్చే ఉంటుంది, లేదంటే రేపో మాపో వస్తుంది. సంతకం పెట్టేముందు ఈ ఉత్తరం చదవమని మనవి.

చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ సంస్థే 2023 జనవరిలో ఇలాంటి డిటెక్టర్ ఒకటి విడుదల చేసింది. ఏఐ రాసినవాటిలో నూటికి 26 మాత్రమే అది గట్టిగా పట్టుకోగలిగింది. మనుషులు రాసినవాటిలో నూటికి 9 ఏఐవేనని తప్పు చెప్పింది. ఈ లెక్కలు ఆ సంస్థే బయటపెట్టింది. ఆరు నెలలు తిరక్కుండానే, కచ్చితత్వం చాలడం లేదని దాన్ని ఎత్తేసింది. ఆ తర్వాత మెరుగైనవి వచ్చాయి, కాదనను. కానీ అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్ష కోసం రాసిన 91 వ్యాసాలను ఏడు డిటెక్టర్లకు ఇచ్చి చూస్తే, సగటున సగానికి పైగా వ్యాసాల మీద ఏఐ ముద్ర పడింది. తర్వాత ఏ మాట వస్తుందో సులువుగా ఊహించగలిగితే అది యంత్రం రాతేనని ఇవి అనుమానిస్తాయి. భాష ఇంకా నేర్చుకుంటున్న పిల్లలు రాసేది తమకు తెలిసిన కొద్ది మాటలతోనే కదా. ముందు దొరికిపోయేది వాళ్లే.

పోనీ, మనుషులు పట్టగలరా అంటే, అదీ అంత తేలిక కాదు. 2021లో అమెరికా పరిశోధకులు మామూలు జనానికి ఏఐ రాతలు, మనిషి రాతలు కలిపి చూపిస్తే, వాళ్ల జవాబులు బొమ్మా బొరుసా వేసినట్టే వచ్చాయి. కాసేపు శిక్షణ ఇచ్చి మళ్లీ అడిగినా పెద్దగా మార్పు లేదు. కానీ 2025లో వచ్చిన ఇంకో అధ్యయనం చూడండి. రాత పనులకు తరచూ ఏఐ వాడే ఐదుగురికి 300 వ్యాసాలు ఇచ్చారు. ఐదుగురిలో ఎక్కువమంది ఏదంటే అదే తీర్పు అనుకుంటే, తప్పింది ఒక్క వ్యాసం దగ్గర మాత్రమే. ఒక గంట క్లాసు పీకితే రాని చూపు అలవాటుతో వస్తుందని, ఐదు తలలు కలిస్తే అది ఇంకా పదునెక్కుతుందని నాకు అర్థమైంది.

అందుకే ఆట అడుగుతున్నాను. 1950లో బ్రిటన్ గణితవేత్త అలన్ ట్యూరింగ్ యంత్రాల తెలివి గురించి రాసిన ప్రసిద్ధ వ్యాసం కూడా ఒక ఆటతోనే మొదలవుతుంది: గోడ అవతల ఉన్నది ఎవరో రాతను బట్టి కనిపెట్టే ఆట.

మా క్లాసులో ఇలా ఆడతాం. ఐదుగురికో జట్టు. ఒకే అంశం మీద ఆరు పేరాలు ఇస్తాను. కొన్ని పాత విద్యార్థులవి, కొన్ని ఏఐవి, అన్నీ ఒకేలా టైపు చేసినవి. ఏవి ఎన్నో చెప్పను. ముందు ఎవరి జవాబు వాళ్లు గుట్టుగా కాగితం మీద రాసుకోవాలి. లేకపోతే గొంతున్నవాడి మాటే జట్టు మాట అయిపోతుంది. చర్చ ఆ తర్వాతే. "ఎందుకో అలా అనిపించింది" అంటే ఒప్పుకోను, ఫలానా వాక్యం అని వేలు పెట్టి చూపించాలి. సరిగ్గా పట్టుకుంటే ఒక పాయింటు. మనిషి రాసినదాన్ని యంత్రానిదంటే మాత్రం రెండు పాయింట్లు పోతాయి. ఈ నియమం తీసేస్తే ఆటే లేదు. పిల్లలు కనపడ్డ ప్రతిదాన్నీ అనుమానిస్తారు, ఆ అనుమానం మర్నాడు పక్క బెంచీ వాడి నోటుబుక్కు మీద పడుతుంది.

ఒకసారి అంశం "వాన పడిన రోజు". "వర్షం ప్రకృతి మానవాళికి ప్రసాదించిన వరం" అని మొదలై, "కావున నీటిని సంరక్షించుకోవడం మనందరి బాధ్యత" అని ముగిసిన పేరాను చూడగానే జట్లన్నీ ఏఐ అని ఎగిరి గంతేశాయి. తీరా అది ఒక విద్యార్థి గైడు బట్టీ పట్టి రాసింది. (పరీక్షలో మార్కులు పడేదీ దానికే. ఆ గోడు ఇంకో ఉత్తరంలో చెప్పుకుంటాను.) మరో పేరాలో దారిలో చెప్పు తెగడం, దాన్ని చేత్తో పట్టుకుని పరుగెత్తడం, మధ్యలో ఒక అక్షరదోషం. "ఇది మనిషే మేడమ్, చెప్పు తెగితే ఎలా ఉంటుందో దానికేం తెలుసు?" అన్నాడొకడు. రాసింది ఏఐ. తప్పు ఒకటి పెట్టమని చెప్పింది నేను. క్లాసంతా గోల. వెనక బెంచీ అమ్మాయి ఒక్కతే ముందే పట్టేసింది: "చెప్పు చేతిలో ఉందన్నాడు కదా మేడమ్, రెండు లైన్ల తర్వాత రెండు చెప్పులూ బురదలో కూరుకుపోయాయట!"

సొంత ముచ్చట్లు, ఇంటి సంగతులు ఉంటే మనిషే రాశాడని జనం నమ్మేస్తారని, ఆ నమ్మకం తప్పుదోవ పట్టిస్తుందని 2023లో ఒక పరిశోధన తేల్చింది. ఆ రోజు మా పిల్లలు పడింది సరిగ్గా ఆ గోతిలోనే. "ఏఐని గుర్తుపట్టే పది లక్షణాలు" అని గోడకు చార్టు అంటిస్తే పని జరగదని ఇందుకే అంటున్నాను. ఆ పదీ తప్పించి రాయమంటే అది చక్కగా తప్పించి రాస్తుంది.

"ఏఐ మారిపోతూనే ఉంటుంది, ఈ ఏడాది నేర్చింది వచ్చే ఏడాదికి పనికిరాదు" అని మీ అధికారులు అనొచ్చు. నిజమే. అందుకే ఏఐ పేరాలను ప్రతి టర్ముకూ కొత్తగా రాయించాలి. మనిషి పేరాల విషయంలో ఆ ఇబ్బంది లేదు. చాట్‌జీపీటీ జనంలోకి వచ్చింది 2022 నవంబరు 30న. అంతకుముందు క్లాసులో కూర్చుని చేత్తో రాసినవి బడి బీరువాల్లో ఎన్నో ఉంటాయి. రాసినవాళ్ల అనుమతి తీసుకుని, పేర్లు తీసేసి వాడుకోవచ్చు.

నేను అడిగేది నెలకు ఒక పీరియడ్. మార్కులు వద్దు, మార్కులు పెడితే దీనికీ గైడు వస్తుంది. టీచర్లకు ముందు ఆడించండి, మాలో చాలామందికి ఏఐ అంటే ఇంకా టెన్షనే. వీటికంటే ముఖ్యంగా, డిటెక్టర్ చూపించిన శాతం ఒక్కటే ఆధారంగా ఏ విద్యార్థినీ దోషిగా నిలబెట్టకూడదని లిఖితపూర్వకంగా ఆదేశం ఇవ్వండి. అనుమానం వస్తే ఆ పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని "ఈ వాక్యం ఎందుకు ఇలా రాశావు?" అని అడగడానికి టీచరుకు టైమివ్వండి. రాసినవాడు చెప్పగలడు.

ఇంకా నమ్మకం కుదరకపోతే, ముందు మీ కార్యాలయంలోనే ఒక రౌండు ఆడి చూడండి. మీ శాఖ సర్క్యులర్లు మూడు, ఏఐ చేత రాయించిన సర్క్యులర్లు మూడు కలిపి నేనే పంపిస్తాను. జవాబులు విడిగా, సీలు వేసిన కవరులో ఉంటాయి.

ఇట్లు,
ఒక భాషా ఉపాధ్యాయురాలు