తప్పు లైన్‌ది కాదు, మా రూటర్‌ది

వైశాఖం పెళ్లిళ్ల సీజన్‌లో మా ఆల్బమ్ ప్రింటింగ్ ల్యాబ్‌కి నెట్‌లో ఫైళ్లు పంపి, "అన్నా, దిగిందా?" అని మూడేసిసార్లు ఫోన్ చేసిన ఫోటోగ్రాఫర్లందరికీ ముందుగా సారీ. దిగలేదు. సగం దిగి ఆగిపోయేది, మళ్లీ మొదటి నుంచి పెట్టేవాళ్లం. నేనేమో అడిగిన ప్రతివాళ్లకీ "గుంటూరులో లైన్ బాగాలేదన్నా" అని చెప్పాను. అబద్ధమాడాలని కాదు, నేనూ అదే నమ్మాను. లైన్ చూసే కుర్రాణ్ని నాలుగుసార్లు పిలిపించి, ఒకసారి గట్టిగానే అరిచాను కూడా. నాలుగోసారి వచ్చినప్పుడు అతను మాట్లాడకుండా మా రూటర్‌కి వచ్చే వైరు పీకి తన ల్యాప్‌టాప్‌కి పెట్టాడు. స్పీడ్ 290 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు) దాటింది. మళ్లీ మా రూటర్‌లోంచి పెడితే 94. "సార్, మీ డబ్బా వెనక పోర్టులు వందవే" అన్నాడు. ఏం చెప్పాలో తెలీక టీ తెప్పించాను.

డబ్బా మీద 1200 అని ఇంత లావున రాసి ఉంటుంది, నాలుగు యాంటెన్నాలు వేరే. ఆ 1200 వైఫై లెక్క, రెండు బ్యాండ్లవీ కలిపి చెప్పే అంకె. వైరు పెట్టే పోర్టు మాత్రం 100 ఎంబీపీఎస్. అంటే 300 ప్లాన్‌కి రెండేళ్లు బిల్లు కట్టి నేను వాడుకున్నది వంద.

ఫేస్‌బుక్ చూసుకోవడానికి అది చాలు. మనది కరిజ్మా ఆల్బమ్‌ల పని కదా. 12x36 అంగుళాల షీటు 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, 3600కి 10800 పిక్సెళ్లు, లేయర్లతో పీఎస్‌డీ (ఫోటోషాప్ ఫైలు) చేస్తే ఒక్క షీటే వందల ఎంబీ. మా ఆరు సిస్టమ్‌లూ ఫైళ్లు తెరిచేది నాస్ నుంచి, అంటే అందరి ఫైళ్లూ ఒకేచోట దాచే నెట్‌వర్క్ స్టోరేజ్ పెట్టె నుంచి. మధ్యలో వీటన్నిటినీ కలిపే స్విచ్ కూడా పాత వందదే. ఎనిమిది బిట్లయితే ఒక బైట్, కాబట్టి వంద ఎంబీపీఎస్ అంటే సెకనుకి మహా అయితే 12 ఎంబీ. 2 జీబీ ఫోల్డర్ కాపీ అవడానికి మూడు నిమిషాలు. గిగాబిట్‌లో, అంటే వెయ్యి ఎంబీపీఎస్‌లో, ఇప్పుడు ఇరవై సెకన్లు పడుతోంది, మా డిజైనర్ అమ్మాయి మొదటిరోజు కాపీ అవలేదేమో అనుకుని రెండోసారి కూడా చేసింది.

ఇక వేడి. ఆ రూటర్‌ని ప్రింటింగ్ మెషిన్ వెనక, ప్యాకింగ్ అట్టల మధ్య ఇరికించింది నేనే. మధ్యాహ్నం రెండింటికి చెయ్యి పెడితే చురుక్కుమనేది. ఆపి, ఆన్ చేస్తే గంట బాగుండేది.

కొత్తది కొనేటప్పుడు ఈసారి యాంటెన్నాలు లెక్కపెట్టలేదు. రూటర్ పని రూటర్, వైఫై పని వైఫై వేరేగా చేయాలనుకున్నాను. మైక్రోటిక్ హెక్స్ చూశాను, ఐదు గిగాబిట్ పోర్టులు, చిన్న పెట్టె, తెలిసినవాళ్ల చేతిలో బంగారం, కానీ సెట్టింగులు చూస్తే నాకు తల తిరిగింది, నేను ఊళ్లో లేనప్పుడు షాపులో ఎవరు పట్టుకుంటారు? చివరికి టీపీ-లింక్ ఈఆర్605 తీసుకున్నాం. దీన్లోనూ వైఫై లేదు, పోర్టులన్నీ గిగాబిట్, రెండు నెట్ కనెక్షన్లు ఒకేసారి పెట్టుకోవచ్చు, ఒకటి పోతే రెండోది అందుకుంటుంది. దాంతోపాటు గిగాబిట్ స్విచ్, వైఫైకి ఒక యాక్సెస్ పాయింట్. అన్నీ కలిపి 16 వేలు దాటింది. గోడకి బిగించి, యూపీఎస్ మీద పెట్టాం.

అన్నీ మార్చాక కూడా మూడో సిస్టమ్ వంద దగ్గరే మొరాయించింది. రూటర్‌ని తిట్టబోయి ఆగాను, ఒకసారి బుద్ధి వచ్చింది కదా. కేబుల్ చివర క్లిప్పు కోసి చూస్తే గోధుమరంగు తీగ లోపలే తెగి ఉంది. వందకి నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. పది రూపాయల క్లిప్పు.

ఇంకో సిగ్గుపడాల్సిన విషయం. పాతదాని పాస్‌వర్డ్ రెండేళ్లుగా "అడ్మిన్" అనే ఉంది, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఒక్కసారీ చేయలేదు. 2018లో వీపీఎన్‌ఫిల్టర్ అనే మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) 54 దేశాల్లో 5 లక్షలకు పైగా రూటర్లలోకి, నాస్‌లలోకి దూరింది, ఎక్కువగా మనలాంటి చిన్న ఆఫీసులవీ ఇళ్లవీ. మీ క్లయింట్ల పెళ్లి ఫోటోలు మా నాస్‌లో ఉంటాయి కాబట్టి ఇది మీకు చెప్పకుండా ఉండలేను. పాస్‌వర్డ్ మార్చాం, ల్యాబ్‌కి వచ్చేవాళ్ల వైఫై వేరు చేశాం. అందులోంచి మా సిస్టమ్‌లు కనపడవు.

రెండో లైన్ ఉంది కదా అని మొత్తం నిశ్చింత అనుకోకండి. లైన్ మారే క్షణంలో దిగుతున్న ఫైలు తెగొచ్చు, మళ్లీ పెట్టుకోవాల్సిందే. అందుకే ఆల్బమ్ మొత్తం ఒకే పెద్ద జిప్‌గా కాకుండా పది పది షీట్లుగా లింకులు పంపండి, తెగినా పది షీట్లే పోతాయి.

వైశాఖంలో ఆలస్యమైన ఆర్డర్ల వాళ్లు బిల్లు నంబరు వాట్సాప్ చేయండి. ఒక్కో ఆల్బమ్‌కి మినీ బుక్ ఒకటి మా లెక్కలో. చీరాల అన్నా, రిసెప్షన్‌కి అందని ఆ ఆల్బమ్ మీదే, మీది అడగక్కర్లేదు, ప్రింట్‌కి వెళ్లింది.