అత్యవసర విభాగంలో ప్రతి మరణాన్నీ సమీక్షించాలి

సంపాదకుల వారికి నమస్కారాలు.

ఆస్పత్రి అత్యవసర విభాగంలో రోగి చనిపోతే బంధువుల ఆందోళనో, సిబ్బందిపై దాడో వార్త అవుతుంది. గొడవ సద్దుమణిగాక, ఆ రోగి ఎన్ని గంటలకు వచ్చాడో, వైద్యుడు ఎప్పుడు చూశాడో, ఏ మందు ఎప్పుడు పడిందో అడిగే నాథుడు ఉండడు. ఇలాంటి ప్రతి మరణంపైనా లిఖితపూర్వక సమీక్షను తప్పనిసరి చేయాలని, ఆంధ్ర–ఒడిశా సరిహద్దులో ఆ పనిని రెండువైపుల జిల్లా యంత్రాంగాలూ కలిసి చేయాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉండే మాలాంటి తెలుగువారికి ప్రాణం మీదికి వస్తే ఒడిశాలోనే ఉన్న బరంపురం వైద్య కళాశాల ఆస్పత్రి ఒక దిక్కు, ఆంధ్రలోని పాతపట్నం మీదుగా శ్రీకాకుళం మరో దిక్కు. శ్రీకాకుళమే దగ్గర. 108 సేవలు ఆంధ్రలో 2005లో, ఒడిశాలో 2013లో మొదలయ్యాయి గానీ, సాధారణంగా ఏ రాష్ట్రం బండి ఆ రాష్ట్రపు ఆస్పత్రికే వెళ్తుంది గనుక, దగ్గరి దారి పట్టాలంటే చాలామందికి అద్దె కారే గతి. అందులో ఆక్సిజన్ ఉండదు, నాడి చూసే మనిషీ ఉండడు.

నిరుడు వానాకాలంలో మా వీధి పెద్దాయనకు తెల్లవారుజామున ఛాతీనొప్పి వస్తే ఈ ప్రాంతంలోని ఒక ఆస్పత్రికి తీసుకెళ్లాం. అక్కడ ఇచ్చిన రిఫర్ చీటీ నేను చదివాను. పేరు, వయసు, ఛాతీనొప్పి అని, పెద్దాసుపత్రికి పంపుతున్నామని ఒక్క వాక్యం, కింద సంతకం. ఈసీజీ తీశారా, తీస్తే అందులో ఏముంది, ఆస్పిరిన్ అయినా ఇచ్చారా, ఎన్ని గంటలకు పంపారు, ఏదీ లేదు. అవతలి ఆస్పత్రికి ఫోను చేసి చెప్పినవారూ లేరు. ఆయన దారిలోనే పోయారు. రెండో ఆస్పత్రి రిజిస్టరులో, తీసుకువచ్చేసరికే చనిపోయి ఉన్నారని రాసుకున్నారు. దాంతో ఆ చావు ఇటు లెక్కలోనూ లేదు, అటు లెక్కలోనూ లేదు.

ఛాతీనొప్పితో వచ్చినవారికి 10 నిమిషాల్లోపు ఈసీజీ తీయాలి. గుండెపోటని తేలి, మూసుకుపోయిన గుండె రక్తనాళాన్ని తెరిచే యాంజియోప్లాస్టీ చేసే ఆస్పత్రి దూరంగా ఉంటే, ఇవ్వదగినవారికి రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ అక్కడే 30 నిమిషాల్లోపు ఇచ్చి ఆ తర్వాతే పంపాలి. పాముకాటుకూ అంతే, విషలక్షణాలు కనిపిస్తున్నా విరుగుడు మొదలుపెట్టకుండా బండెక్కిస్తే దారిలోనే ఊపిరి ఆగిపోవచ్చు. పై ఆస్పత్రికి పంపడం తప్పని నేను అనడం లేదు. రాత్రిపూట ప్రమాద బాధితులను, పురుగుమందు తాగినవారిని, కాన్పులను ఒక్క డ్యూటీ డాక్టరే చూసుకోవలసిన చోట ఆ వైద్యుణ్ణి మాత్రమే నిందించడం అన్యాయం, చేయి చేసుకోవడం నేరం. అయితే రాత్రికి ఇద్దరు వైద్యులు కావాలన్న సంగతి ప్రభుత్వానికి తెలియాలన్నా ఈ మరణాలు కాగితం మీదికి ఎక్కాలి కదా!

రైలునుంచి పడి గాయపడిన ఒక కూలీని కలకత్తాలో ఆస్పత్రి తర్వాత ఆస్పత్రి తిప్పి పంపిన కేసులో, సకాలంలో చికిత్స అందించకపోవడం జీవించే హక్కును కాలరాయడమేనని, నిధుల కొరత సాకు కాదని సుప్రీంకోర్టు 1996లోనే తీర్పు చెప్పింది. ఏ ఆస్పత్రిలో పడక ఖాళీగా ఉందో తెలిపే సమాచార వ్యవస్థ రాష్ట్ర స్థాయిలో ఉండాలనీ ఆదేశించింది. సమీక్ష కూడా కొత్త సంగతేమీ కాదు. ప్రసూతి మరణం సంభవిస్తే ఆస్పత్రిలోనూ, ఇంటివారి దగ్గరా వివరాలు సేకరించి కలెక్టరు స్థాయిలో చర్చించే పద్ధతి 2010 నుంచి మన దేశంలో ఉంది. తల్లుల విషయంలో చేయగలిగింది గుండెపోటుతో పోయిన తండ్రి విషయంలో ఎందుకు చేయకూడదు?

మా గజపతి జిల్లా, శ్రీకాకుళం జిల్లా కలెక్టర్లు నెలకోసారైనా కూర్చుని, దారిలో పోయినవారితో సహా, రెండువైపులా నమోదైన అత్యవసర మరణాలను పరిశీలించాలి. రిఫర్ చీటీలో వచ్చిన సమయం, ఇచ్చిన మందులు, పంపిన సమయం, ఫోనులో మాట్లాడిన అవతలి వైద్యుడి పేరు తప్పనిసరిగా ఉండాలి. 108 బండి సరిహద్దు దాటి దగ్గరి ఆస్పత్రికి వెళ్లేందుకు రెండు ప్రభుత్వాలూ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. సమీక్ష నివేదిక ప్రతిని మృతుడి కుటుంబానికి, వారికి వచ్చిన భాషలో ఇవ్వాలి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.