మమ్మల్ని అడిగి రాసింది మాకూ చూపించాలి

సంపాదకులకు నమస్కారం.

ప్రార్థనా స్థలాలకు వెళ్లేవాళ్లు ప్రజల పనుల్లో ఎంతవరకు పాలుపంచుకుంటారన్న విషయం మీద మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. అందులో అంకెలు బాగానే ఉన్నాయి. అయితే ఎవరిని అడిగితే ఆ అంకెలు వచ్చాయో, అడిగినవాళ్లు మళ్లీ వాళ్ల దగ్గరికి వెళ్లి ఫలితం చెప్పారో లేదో ఎక్కడా లేదు. నా బాధంతా దాని గురించే.

మా ప్రార్థనా మందిరంలో సేవా బృందం రిజిస్టరు 11 ఏళ్లుగా నేనే రాస్తున్నాను. కొన్నేళ్ల కిందట ఒక విశ్వవిద్యాలయం నుంచి ముగ్గురు వచ్చి ఒక సాయంత్రం అందరికీ ఫారాలు పంచారు. మంచివాళ్లు, మర్యాదగా మాట్లాడారు. ఫారంలో ఒక ప్రశ్న ఇలా ఉంది: గత 12 నెలల్లో మీరు ఏదైనా పౌర కార్యక్రమంలో పాల్గొన్నారా? నా పక్కన కూర్చున్న మా పక్కింటావిడ ‘లేదు’ దగ్గర టిక్కు పెట్టింది. ఆ నెలలోనే ఆవిడ, భర్త పోయిన ఒకామెను వెంటబెట్టుకుని పింఛను కోసం ఆఫీసుకు నాలుగుసార్లు వెళ్లింది. దరఖాస్తు తనే రాసింది. గుమస్తా రేపు రా, ఎల్లుండి రా అంటుంటే నేరుగా పై అధికారి గదిలోకి వెళ్లి మాట్లాడింది. ‘అదేంటి, లేదని పెట్టావు?’ అని అడిగితే ‘అది కార్యక్రమం ఎలా అవుతుంది, తోడు వెళ్లానంతే’ అంది.

రెండేళ్ల తర్వాత ఎవరో చెబితే తెలిసింది, మాలాంటి సమాజాల్లో పౌర భాగస్వామ్యం తక్కువని ఆ నివేదికలో రాశారట. మా చేతికి ఒక కాగితం కూడా రాలేదు. వచ్చి ఉంటే ఆ టిక్కు సంగతి మేమే చెప్పేవాళ్లం.

అప్పటి నుంచి ఈ విషయం మీద దొరికింది దొరికినట్టు చదువుతున్నాను. చదివేకొద్దీ, జరిగిన తప్పు ఆ ముగ్గురిది మాత్రమే అనిపించలేదు. అమెరికాలో 1995లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం సరిగ్గా మా పక్కింటావిడ లాంటివాళ్ల గురించే చెప్పింది. మీటింగు నడపడం, ఉత్తరం రాయడం, నలుగురి ముందు మాట్లాడటం లాంటివి పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు ఆఫీసులోనే అలవాటవుతాయి. చదువు, ఆదాయం తక్కువున్నవాళ్లకు ఆ అవకాశం ఎక్కువగా దొరికేది ప్రార్థనా స్థలంలో. అక్కడ నేర్చుకున్నది తర్వాత ఎన్నికల్లో, ప్రభుత్వ ఆఫీసులో, వీధి సమస్యలో పనికొస్తుంది. 1955 చివర్లో అమెరికాలోని మాంట్‌గోమరీ నగరంలో నల్లజాతివాళ్లు వివక్షకు నిరసనగా బస్సులు ఎక్కడం మానేసి 381 రోజులు నిలబడగలిగారంటే, రాత్రి సభలు జరిగింది చర్చిల్లోనే. జనాన్ని పనులకు చేరవేయడానికి కొన్న పెద్ద కార్లు కూడా చర్చిల పేరు మీదే ఉండేవి. అక్కడ కమిటీలు వేయడం, చందా లెక్క చూడడం, వంతులు వేసుకోవడం జనానికి ముందే చేతనయిన పని. ఫారంలో ఇవన్నీ ఏ గడిలో పడతాయి?

తప్పు రెండో వైపు నుంచి కూడా జరుగుతుంది. 1993లో వెలువడిన ఒక అధ్యయనంలో పరిశోధకులు అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక కౌంటీని, అంటే మన జిల్లా లాంటిదాన్ని తీసుకుని, ప్రతివారం చర్చికి వెళ్తామని ఫోన్లో చెప్పినవాళ్ల సంఖ్యను చర్చిల్లో నిజంగా కనబడినవాళ్ల సంఖ్యతో పోల్చారు. వచ్చినవాళ్లు చెప్పినదాంట్లో దాదాపు సగమే. అంటే మనుషులు చేసినది చెప్పకపోవడం ఉంది, చేయనిది చెప్పడమూ ఉంది. రెండూ సరిదిద్దగలిగేది ఆ చోట రోజూ ఉండేవాళ్లే. నా రిజిస్టరులో ఎవరు ఎన్నిసార్లు వచ్చారో తేదీలతో ఉంది. వచ్చిన ముగ్గురిలో ఒక్కరైనా ‘అమ్మా, రిజిస్టరు ఉందా?’ అని అడగలేదు.

ఇంకో సంగతి. అమెరికాలో 1998లో దేశం మొత్తం మీద 1,236 ప్రార్థనా సమాజాలను పరిశీలించారు, తర్వాత మరో మూడుసార్లు అదే పని చేశారు. సమాజాలన్నిటికీ ఒక జాబితా ఎక్కడా లేదు కాబట్టి, ముందు మామూలు జనాన్ని ఎంచుకుని ‘మీరు ప్రార్థనకు ఎక్కడికి వెళ్తారు?’ అని అడిగి, ఆ చోట్లనే లెక్కలోకి తీసుకున్నారు. చాలా తెలివైన పద్ధతి, నాకు ఎంతో నచ్చింది. అయితే ఒక్కో సమాజం తరఫున జవాబిచ్చింది ఒక్కరే, ఎక్కువ చోట్ల ఆ మతపెద్దే. దేశం మొత్తానికి పటం గీయడానికి అది చాలు. ఒక సమాజం లోపల ఏం జరుగుతుందో తెలియాలంటే మాత్రం పెద్దను అడిగితే సరిపోదు. ఆయనకు ఉత్సవాల సంగతి తెలుస్తుంది, అర్ధరాత్రి ఆసుపత్రికి తోడు వెళ్లిందెవరో తెలియకపోవచ్చు. 2010లో అమెరికాలోనే వచ్చిన మరో అధ్యయనంలో, సేవకు ముందుకొచ్చేలా చేసేది ఏమిటని చూస్తే, నమ్మకం ఎంత గట్టిదన్నదాని కంటే ఆ సమాజంలో మనిషికి ఎంతమంది స్నేహితులున్నారన్నదే ఎక్కువ లెక్కకొచ్చింది. స్నేహాల సంగతి వేదిక మీద నుంచి కనబడదు.

ఇలాంటి పని జనంతో కలిసి చేయాలన్న ఆలోచన కొత్తదేం కాదు. కొలంబియాకు చెందిన సామాజిక శాస్త్రవేత్త ఓర్లాండో ఫాల్స్ బోర్డా లాంటివాళ్లు 1977లో ఆ దేశంలోని కార్తహేనా నగరంలో సమావేశమై దీని గురించే చర్చించారు. ప్రశ్న తయారుచేసేటప్పుడే, ఎవరి గురించి అడుగుతున్నారో వాళ్లు కూడా కూర్చోవాలి, వచ్చిన జ్ఞానం వాళ్లకే ముందు తిరిగి చేరాలి. అంతకు చాలా ముందు అమెరికా సామాజిక శాస్త్రవేత్త డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ అక్కడి ఫిలడెల్ఫియా నగరంలో నల్లజాతివాళ్ల వాడలో ఇల్లిల్లూ తిరిగి, వాళ్ల జీవితానికి చర్చి ఎంత కేంద్రమో 1899లో పుస్తకంగా రాశారు. ఆయన కూడా నల్లజాతివాడే. అయినా తమను వింత ప్రాణుల్లా పరిశీలించడం జనానికి నచ్చలేదని ఆయనే తర్వాత ఒప్పుకున్నారు. అంత పెద్ద మనిషి దాచకుండా చెప్పిన ఆ మాట నాకు చాలా ధైర్యం ఇచ్చింది. మాకు నచ్చలేదని చెప్పడం తప్పేమీ కాదన్నమాట.

దీనికి ఎదురు ప్రశ్న వస్తుందని తెలుసు. సమాజాన్నే పక్కన కూర్చోబెట్టుకుంటే పరిశోధన పొగడ్తల పత్రం అయిపోదా? అవుతుంది, జాగ్రత్త పడకపోతే తప్పకుండా అవుతుంది. ప్రార్థనా సమాజాలు తమవాళ్లనే చూసుకుని పక్కవాళ్లకు తలుపు మూసే సందర్భాలున్నాయి. ఆడవాళ్లతో చాకిరీ చేయించుకుని నిర్ణయాల దగ్గర పక్కన పెట్టే చోట్లూ ఉన్నాయి, మా మందిరం కూడా అందుకు మినహాయింపు కాదు. అందుకే ఒప్పందం ముందే రాసుకోవాలి. తప్పుగా రాసినచోట సమాజం సరిదిద్దవచ్చు, చేదు నిజాన్ని కొట్టేయమనే హక్కు మాత్రం దానికి ఉండకూడదు. పెద్దలు లేని గదిలో మామూలు సభ్యులతో విడిగా మాట్లాడాలి. వచ్చి మానేసినవాళ్లనూ వెతికి అడగాలి. నిజానికి అందరికంటే ఎక్కువ చెప్పేది వాళ్లేనని నా నమ్మకం. పేర్లు బయటపడవన్న హామీ చిన్న సమాజాల్లో నిలబెట్టుకోవడం కష్టం, ‘రిజిస్టరు రాసే ఆవిడ’ అంటే చాలు, ఎవరో అందరికీ తెలిసిపోతుంది. ఆ సంగతి కూడా ముందే మాట్లాడుకోవాలి.

విశ్వవిద్యాలయాలకు నా విన్నపం ఒక్కటే. పరిశోధనకు డబ్బు మంజూరు చేసేటప్పుడే, ఫలితాన్ని ఆ సమాజానికి వాళ్ల భాషలో వినిపించే రోజుకు కూడా ఖర్చు రాయండి. మీ పత్రికనూ ఒకటి కోరుతున్నాను. ఇలాంటి సర్వే వార్త వేసేటప్పుడు జవాబిచ్చింది పెద్దలా, సభ్యులా అన్నది, ఫలితం వాళ్లకు చూపించారా లేదా అన్నది కనుక్కుని రెండు వాక్యాల్లో రాయండి.

మా దగ్గరికి మళ్లీ ఎవరైనా వస్తే కూర్చోబెట్టి మాట్లాడటానికి మేం సిద్ధం. రిజిస్టరు బయటికి తీసి పెట్టాను. ఆ పక్కింటావిడ కూడా వస్తానంది, ఈసారి ప్రశ్నలు తనూ చూస్తుందట.

ఇట్లు,
మీ పాఠకురాలు