బయాప్సీ ముక్కను రోగుల చేత మోయించొద్దు

సంపాదకుడికి నమస్కారం.

మా అమ్మ జన్మలో బీడీ ముట్టలేదు. దగ్గు తగ్గడం లేదని వెళ్తే, కళ్లె పరీక్షలో ఏమీ కనబడకపోయినా, ఎక్స్‌రే చూసి టీబీ మందులు రాశారు. ఐదు నెలలు మింగింది. ఆఖరికి సీటీ స్కాన్, బయాప్సీ చేస్తే రిపోర్టులో ఒక్కటే లైను: 'నాన్ స్మాల్ సెల్ కార్సినోమా, ఐహెచ్‌సీ చేయించాలి'. అంటే ఊపిరితిత్తుల క్యాన్సరే, ఏ రకమో తేలాలంటే ముక్కకు రంగులు వేసి చూసే ఐహెచ్‌సీ అనే పరీక్ష కావాలని. ఆ పరీక్ష తమ దగ్గర లేదని, బయాప్సీ ముక్కను పొదిగిన మైనం బ్లాకు చేతిలో పెట్టి హైదరాబాదు పొమ్మన్నారు.

రాత్రి బస్సులో దాన్ని కర్చీఫులో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కాస్తంత మైనం, అందులో సేమియా తునకంత తెల్లటి ముక్క. అమ్మకు ఏ మందు పడుతుందో చెప్పాల్సింది అదే.

ఊపిరితిత్తుల క్యాన్సర్ ఒకటే జబ్బు కాదని నాకప్పుడే తెలిసింది. స్మాల్ సెల్ అనే రకం దారి వేరు. మిగతావాటినే నాన్ స్మాల్ సెల్ అంటారు, వాటిలో ముఖ్యమైన రకాలు అడినో, స్క్వేమస్. పొగ తాగనివాళ్లలో ఎక్కువగా కనిపించేది అడినో. మైక్రోస్కోపులో ఆకారం చూసి తేలకపోతే ఐహెచ్‌సీ చేస్తారు. టీటీఎఫ్-1 అనే ప్రొటీన్‌కు రంగు వస్తే అడినో అని, పీ40 అనే ప్రొటీన్‌కు వస్తే స్క్వేమస్ అని దాదాపు తేలుతుంది. ఇది పేర్ల తేడా మాత్రమే కాదు. అడినోకు ఇచ్చే పెమెట్రెక్సెడ్ అనే కీమో మందు స్క్వేమస్‌కు అంతగా పనిచేయదు. బెవాసిజుమాబ్ అనే మరో మందు ఇస్తే స్క్వేమస్ రోగికి ఊపిరితిత్తుల్లో రక్తస్రావమై ప్రాణం మీదికి రావచ్చు. అడినో అయితే క్యాన్సర్ కణాల్లో ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే అనే జన్యువుల్లో మార్పులున్నాయేమో కూడా చూడాలి. ఈజీఎఫ్ఆర్ మార్పు ఉన్న చాలామందికి మాత్రలతోనే వైద్యం మొదలుపెట్టవచ్చు. ఆ మార్పు సంగతి 2004లోనే బయటపడింది.

అమ్మది అడినో అని తేలింది. కానీ జన్యు పరీక్షకు బ్లాకులో ముక్క మిగల్లేదు. పరీక్ష పరీక్షకూ పల్చటి పొరలు కోస్తారు, అంత చిన్న ముక్క ఎన్నింటికి సరిపోతుంది? మళ్లీ బయాప్సీ అన్నారు. 'మొన్న తీసింది చాల్లేదా?' అని అడిగింది అమ్మ. ఏం చెప్పాలో తెలీక ఆమె చెప్పులు తీసి పక్కన పెట్టాను.

కర్నూలులో స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. నంద్యాల, ఆదోని, కడప, అనంతపురం ప్రభుత్వ ఆసుపత్రుల బ్లాకులను సిబ్బందే అక్కడికి చేర్చి, ఐహెచ్‌సీ, జన్యు పరీక్షలు ఉచితంగా చేసేలా ప్రభుత్వం ఏర్పాటు చేయాలి. ఈ ముక్కలను చూసి జబ్బు తేల్చే పాథాలజిస్టులను సరిపడా నియమించాలి. జన్యు పరీక్షకు ముక్క మిగిల్చాలని మొదటి బయాప్సీ నాడే ల్యాబుకు రాసి పంపాలి. కళ్లెలో టీబీ కనబడక, మందులు వాడినా దగ్గు తగ్గనివాళ్లకు నెలలు గడవకముందే స్కాన్ తీయాలి.

— ఒక కూతురు, కర్నూలు