సమ్మె సహాయ నిధి: జమా ఖర్చుల వివరణ

23 రోజుల సమ్మె ముగిసి అందరం విధుల్లో చేరాము కనుక, నిధికి చందా ఇచ్చినవారికి లెక్క అప్పజెప్పవలసిన బాధ్యతతో కమిటీ ఈ వివరణను సభ్యుల ముందుంచుతున్నది.

మనిషికి 300 చొప్పున 412 మంది సభ్యుల చందా రూ. 1,23,600, సోదర సంఘాలు పంపినది రూ. 58,000, డబ్బాలు పట్టి వసూలు చేసినది రూ. 31,450, శిబిరానికి సంఘీభావం తెలపడానికి వచ్చిన ఒక పార్టీ నాయకులు ఇచ్చినది రూ. 10,000, మొత్తం జమ రూ. 2,23,050. పార్టీ ఇచ్చిన సొమ్ముకూ అందరికీ ఇచ్చినట్టే రసీదు ఇచ్చామే తప్ప, ప్రతిగా ఏ తీర్మానమూ చేయలేదు.

ఖర్చులో సింహభాగం, అంటే రూ. 1,46,800, కుటుంబాలకు పంచిన బియ్యం, పప్పు, నూనెలకే అయింది. టెంటు, మైకు కిరాయిలు రూ. 27,300, లాయరు ఫీజు రూ. 22,000, కరపత్రాలు, ప్రయాణాలు రూ. 9,850 కలిపి మొత్తం ఖర్చు రూ. 2,05,950. ప్రయాణాల పద్దులో రూ. 1,200 ఆటో కిరాయిలకు రసీదులు లేవు. కోశాధికారి చేతిరాత వోచర్ల మీదనే వాటిని ఆమోదించాము, ఇది మా లోపమే.

పార్టీ బహిరంగ సభకు సభ్యులను తీసుకువెళ్లిన వ్యాన్ల కిరాయి రూ. 6,400ను మొదట సమ్మె ఖర్చులో రాయగా, ఆడిటు చేసిన సభ్యులు అభ్యంతరం చెప్పారు, వారి మాటే న్యాయం. సంఘం సాధారణ నిధిని రాజకీయ ప్రయోజనాలకు వాడకుండా, దానికి విడిగా వసూలు చేసిన ప్రత్యేక నిధి ఉండాలని, అందులో చందా వేయమని ఏ సభ్యుణ్ణీ బలవంతపెట్టరాదని 1926 నాటి కార్మిక సంఘాల చట్టమే చెప్పింది. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా ఆ విభజనను నిలిపింది. 1920లో ఏఐటీయూసీ, 1947లో ఐఎన్‌టీయూసీ, 1970లో సీఐటీయూ అనే జాతీయ కార్మిక సమాఖ్యలు ఏర్పడిన తీరు చూసినా సంఘాలకూ పార్టీలకూ ఉన్న బంధం కొత్తదేమీ కాదు. అయితే ఒకే గేటులో పనిచేసే మనలో వేర్వేరు జెండాలవారు ఉన్నారు, బియ్యం కోసమని ఇచ్చిన 300లో వ్యాను కిరాయి కలిస్తే వారికి మేము జవాబు చెప్పలేము. అందువల్ల ఆ పద్దును సమ్మె లెక్కలోంచి కొట్టివేసి, 118 మంది ఇష్టపూర్వకంగా వంద చొప్పున ఇచ్చిన రూ. 11,800 రాజకీయ నిధికి మార్చాము, అందులో రూ. 5,400 మిగిలింది.

సహాయ నిధిలో మిగిలిన రూ. 17,100 బ్యాంకులో ఉంది. సస్పెన్షన్ ఇంకా తొలగని ఇద్దరు సభ్యుల కేసుకు దానిని కేటాయించాలని ప్రతిపాదిస్తున్నాము. సర్వసభ్య సమావేశం ఆమోదించేవరకు ఆ సొమ్ము ముట్టము.