మాఘమాసపు చెరువులో మొదటి రెండు నిమిషాలు

సంపాదకులకు నమస్కారం.

చెరువుల్లో తెల్లవారుజామున ఈదే బృందాల గురించి మీ జిల్లా పేజీలో వచ్చిన కథనం చదివాను. ఈత మళ్ళీ పట్టణవాసులను పట్టుకోవడం సంతోషమే. కానీ శివరాత్రి ఇంకా రాకముందే చల్లటి చెరువులోకి దూకడాన్ని ధైర్యానికి గుర్తుగా చూపి, ఆ చల్లదనం మనిషిని ఏం చేస్తుందో ఒక్క వాక్యమైనా రాయకపోవడం లోపంగా తోచింది.

హనుమకొండ చుట్టుపక్కల పల్లెల్లో నడుముకు సొరకాయ బుర్రలు కట్టుకుని మోటబావుల్లో ఈత నేర్చిన నాలాంటివాళ్ళం ఈ విషయంలో సులువుగా మోసపోతాం. బావి నీరు భూమి లోపలిది కనుక చలికాలపు పొద్దున గోరువెచ్చగా తగులుతుంది, పైన ఆవిరి కూడా లేస్తుంది. చెరువు నీరు రాత్రంతా ఆరుబయట పరుచుకుని చల్లారుతుంది, పైగా గాలి వేడెక్కినంత త్వరగా వేడెక్కదు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందన్న మాట కట్ట మీది మనిషికి సరిపోతుందేమో గాని, తూము దగ్గరి లోతు నీటికి సరిపోదు. ఇంగ్లిష్ ఛానల్‌ను 1958లో మిహిర్ సేన్, 1959లో ఆరతి సాహా ఈదింది సెప్టెంబరు చివరి వారంలోనే. వేసవి ఎండ ఆ సముద్రంలోకి ఇంకడానికి అన్ని నెలలు పడుతుంది.

నిరుడు ఇదే రోజుల్లో మా ఊరి చెరువులో ఆ తప్పు నేనే చేశాను. మత్తడి గోడ మీదినుంచి దూకి పైకి తేలానో లేదో, నా ప్రమేయం లేకుండానే నోరు తెరుచుకుని పెద్ద ఊపిరి లోపలికి పోయింది. తల అప్పటికి నీటి పైన ఉండబట్టి బతికాను. ఆ వెంటనే ఆపుకోలేని రొప్పు మొదలై, నలభై ఏళ్ళ ఈత అక్కరకు రాకుండా పోయింది. చేపలు పట్టే ఒకాయన థర్మోకోల్ తెప్ప అంచు దొరికి ఒడ్డుకు చేరాను. తువ్వాలు చుట్టుకున్న పది నిమిషాలకు వణుకు తగ్గకపోగా రెట్టింపైంది; గుండీ పెట్టుకోవడానికి వేళ్ళు వంగలేదు, ఆయన ఇచ్చిన చాయ్ సగం నా మోకాళ్ళ మీదే ఒలికింది.

చర్మం ఒక్కసారిగా చల్లబడినప్పుడు శరీరం తనంతట తానే చేసే పని ఈ ఉలికిపాటు. నీరు 25 డిగ్రీల లోపుకు దిగినప్పటి నుంచే దీని ప్రభావం ఊపిరి మీద మొదలవుతుంది, 10-15 డిగ్రీల మధ్య తీవ్రమవుతుంది. ఒళ్ళు లోపలి వేడి 35 డిగ్రీలకు పడిపోవడం చాలా తర్వాతి ముచ్చట. చాలామంది మునిగేది అంతకు ఎంతో ముందు, గట్టుకు నాలుగు బారల దూరంలోనే. మేడారం జాతరకు జంపన్న వాగులో మాఘంలో లక్షలమంది మునగడం లేదా అని కొందరు అడుగుతారు. అక్కడ కాళ్ళు నేల మీద ఉంటాయి, మునక క్షణకాలం. ప్రపంచ ఈత సమాఖ్య సైతం బహిరంగ జలాల పోటీలకు నీరు 16 డిగ్రీలకు తగ్గరాదని, 18 లోపు ఉంటే ఒంటిని కప్పే ప్రత్యేక దుస్తులు తప్పనిసరి అని నియమం పెట్టుకుంది.

ఈతగాళ్ళు ఒంటరిగా దిగకుండా, కట్ట వైపు కాక లోతు తక్కువుండే శిఖం వైపు నుంచి నడిచి దిగి, మెడా ముఖం తడుపుకుని, ఊపిరి కుదుటపడే వరకు నడుము లోతులోనే నిలబడాలి. రొప్పు వస్తే ఈదబోకుండా వెల్లకిలా తేలి ఉంటే నిమిషం, నిమిషంన్నరలో తగ్గుతుంది. మూడేసి నిమిషాల చొప్పున ఐదారు సార్లు తల పైకి ఉంచి చల్లటి నీటిలో ఉంటే ఈ ఉలికిపాటు దాదాపు సగానికి తగ్గుతుందని శరీరధర్మ పరిశోధనల్లో తేలింది. గుండె జబ్బు, బీపీ ఉన్నవారు ఎండలు ముదిరేదాకా ఆగడమే మేలు.

ఇలాంటి కథనం మళ్ళీ వేసేటప్పుడు పక్కన ఈ జాగ్రత్తలను కూడా అచ్చువేయవలసిందిగా కోరుతున్నాను. మీ పత్రికలోని ఆ ఫొటో కత్తిరించి దాచుకున్న మా మేనల్లుడు వచ్చే ఆదివారం అదే మత్తడి మీదినుంచి దూకుతానని కూర్చున్నాడు.

ఇట్లు,
ఒక పాఠకుడు, హనుమకొండ