బార్ హాలు స్కానింగ్ డెస్క్: 2024-25 జమా ఖర్చుల వివరణ

అనంతపురం జిల్లాలో మన తాలూకా కోర్టుకు వచ్చే కక్షిదారులకు, న్యాయవాదులకు, గుమాస్తాలకు కమిటీ నమస్కారాలు. దాఖలుకు ముందు కక్షిదారుల కాగితాలను స్కాన్ చేసి పీడీఎఫ్‌గా మార్చే మన డెస్క్‌కు 2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు వచ్చిన డబ్బు, పోయిన డబ్బు ఇదీ.

జమ: పాత నిల్వ రూ. 6,450. న్యాయవాదులు 48 మంది తలా వెయ్యి ఇచ్చిన విరాళం రూ. 48,000. స్కానింగ్ 41,280 పేజీలకు పేజీకి రెండు రూపాయల చొప్పున రూ. 82,560. ప్రింట్లు 9,150కి మూడు రూపాయల చొప్పున రూ. 27,450. మొత్తం రూ. 1,64,460.

ఖర్చు: స్కానర్ రూ. 43,500. యూపీఎస్ బ్యాటరీలు రూ. 11,800. అరపూట పనిచేసే ఆపరేటర్‌కు నెలకు ఆరు వేల చొప్పున రూ. 72,000. పేపరు, టోనరు రూ. 17,640. ఇంటర్నెట్ రూ. 10,200. స్కానర్ రోలర్ల మరమ్మతు రూ. 3,200. మొత్తం రూ. 1,58,340. చేతిలో నిల్వ రూ. 6,120. మీటింగుల్లో తాగిన టీలు ఇందులో లేవు, ఎవరి టీ డబ్బులు వాళ్లే ఇచ్చుకున్నారు.

యంత్రాలు విరాళాలతో కొనాలి, రోజువారీ ఖర్చు ఫీజుతో నడవాలి అని మొదట్లోనే అనుకున్నాం. స్కానర్ ఐదారేళ్లు ఉంటుంది. దాని ఖరీదంతా ఈ ఏడాది దావా వేసిన రైతు నెత్తిన రుద్దడం న్యాయం కాదు. విరాళం, పాత నిల్వ కలిపినా యంత్రాలకు రూ. 850 తక్కువైంది. అది ఫీజు మిగులు నుంచి వాడుకున్నాం. ఇకపై వచ్చే విరాళాల్లోంచి ముందుగా ఆ 850 తిరిగి జమ చేస్తాం.

మరమ్మతు బిల్లు గురించి కొందరు అడిగారు. పాత క్రయపత్రాలు, పిన్నులు పూర్తిగా తీయని కట్టలు స్కానర్ కాగితాలు లాక్కునే ఫీడర్‌లో పెడితే రోలర్లు పోతాయి. మడతలు పడి చిరుగుతున్న స్టాంపు కాగితాన్ని స్కానర్ అద్దం మీద ఒక్కొక్కటిగా పెట్టి తీయాల్సిందే. ఆలస్యమవుతుంది కానీ రేటు అదే రెండు రూపాయలు. గుమాస్తాలు కట్టలు విప్పి, పిన్నులు తీసి తెస్తే మాకు సగం టెన్షన్ తగ్గుతుంది.

ఇంత తతంగం లేకుండా ప్రతి వకాలత్ మీద ఇరవై రూపాయలు వేసేస్తే పోలేదా అని ఒక ప్రతిపాదన వచ్చింది. మేం ఒప్పుకోలేదు. పన్ను అందరి మీద పడే భారం, ఫీజు పొందిన సేవకు ఇచ్చేది అని 1954లోనే శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు తేడా చెప్పింది. ఒక్క కాగితం కూడా స్కాన్ చేయించుకోనివాడి దగ్గర ఇరవై తీసుకుంటే అది ఫీజు ఎలా అవుతుంది? పైగా అలా విధించే అధికారం కమిటీకి ఎక్కడిది?

న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద ఉచిత సహాయం పొందినవారి కాగితాలకు డబ్బు తీసుకోలేదు. అవి 3,900 పేజీలు, పై లెక్కలో చేరలేదు. మామూలు రేటు ప్రకారం రూ. 7,800. నిజం చెప్పాలంటే ఆ ఖర్చు మిగతా కక్షిదారులే మోశారు. దీనిమీద కమిటీలో వాదన జరిగింది. ఇకపై ఆ భాగం విరాళాల నుంచే భర్తీ చేయాలని తీర్మానం.

కోర్టులను కంప్యూటరీకరించే ఈ-కోర్టుల పథకం మూడో దశకు కేంద్రం 2023లో రూ. 7,210 కోట్లు మంజూరు చేసింది కదా, మళ్లీ మా దగ్గర వసూలేంటి అన్నది ఎక్కువమంది అడిగే ప్రశ్న. ఆ డబ్బు కోర్టు హాళ్లకు, రికార్డుల డిజిటలీకరణకు, ఈ-సేవా కేంద్రాలకు. కోర్టు సొంత కంప్యూటర్లకు, వీడియో పరికరాలకు మన ఫీజులోంచి ఒక్క రూపాయి పెట్టలేదు, పెట్టం కూడా. మన డెస్క్ చేసేది దాఖలుకు ముందు కక్షిదారు కాగితాలను పీడీఎఫ్‌గా మార్చడం వరకే. వాయిదా తేదీ చూసి చెప్పడానికి డబ్బు తీసుకోం: సీఎన్‌ఆర్ నంబరు (ప్రతి కేసుకు ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) ఉంటే ఈ-కోర్టుల యాప్‌లో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. ఎవరైనా డెస్క్ పేరు చెప్పి వాయిదాకు పదో ఇరవయ్యో అడిగితే రసీదు అడగండి. మా రసీదు పుస్తకంలో ఆ పద్దే లేదు.

సర్టిఫైడ్ నకళ్లకు అంటించే స్టాంపుల డబ్బు ప్రభుత్వానిది, దానికీ మాకూ సంబంధం లేదు.

ఓచర్లు, రసీదు పుస్తకాలు పదిహేను రోజులపాటు బార్ హాలులో ఉంటాయి. రసీదు ఉన్న కక్షిదారులెవరైనా వచ్చి చూసుకోవచ్చు. అభ్యంతరాలు కాగితం మీద రాసివ్వాలి. వచ్చే ఏడాదికి స్కానింగ్ రేటులో మార్పు లేదు.